పాముచెవుల మేస్త్రీకి వినపడని టక్కు

కార్లకు కరెంటు పని చేసే ఆ మనిషిని పేటలో అందరూ పాముచెవుల మేస్త్రీ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. వీధి మలుపులో బండి తిరుగుతుండగానే, చేతిలో పని ఆపకుండా, "దాని డైనమో బేరింగు పోయింది, ఇటే వస్తుంది చూడు" అనేవాడు. ఆ బండి నిజంగానే వచ్చి ఆయన షెడ్డు ముందు ఆగేది. నట్టు జారి ఇంజను సందులో పడితే, అది ఎక్కడ తగిలి ఎక్కడ ఆగిందో చప్పుడుని బట్టి చెప్పి నేరుగా అక్కడే చెయ్యి పెట్టేవాడు. తోటి మేస్త్రీలు ఆయన ఎదురుగా ఆయన గురించి గుసగుసలాడటం ఎప్పుడో మానేశారు. గోడలకు చెవులుంటాయో ఉండవో గాని, ఈయనకు మాత్రం రెండూ ఉన్నాయని నవ్వుకునేవారు.

అలాంటి చెవులు ఒక చలికాలంలో మెల్లగా మూసుకుపోవడం మొదలుపెట్టాయి.

మొదట ఆయన లోకాన్నే అనుమానించాడు. ఈ మధ్య జనం నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారని విసుక్కున్నాడు. టీవీ స్పీకరు పాడైందని దాన్ని విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగించాడు. సౌండు పెంచితే పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. పై ఊళ్ళో ఉన్న కూతురు ఫోను చేసి, "నాన్నా, నాకు జ్వరంగా ఉంది" అంటే, "మంచిదమ్మా, చాలా సంతోషం" అన్నాడు. ఆ పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక తల్లిని పిలవమంది. అప్పటినుంచి ఫోను మోగితే, సిగ్నలు సరిగ్గా లేదని చెప్పి దాన్ని భార్య చేతిలో పెట్టేవాడు.

భార్యకు తెలియకపోలేదు. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన కసురుకున్నాడు. దాంతో ఆమె అడగడం మానేసి గొంతు పెంచింది. ఇంట్లో ఉప్పు తెమ్మన్నా, తలుపు వెయ్యమన్నా ఊరేగింపులో కేక వేసినట్టే ఉండేది. ఆయన మాత్రం ఆమెకు వయసుతోపాటు నోరు పెరిగిందనుకున్నాడు. అలా అనుకోవడమే ఆయనకు సుఖంగా ఉండేది.

ఎందుకంటే అసలు సంగతి ఒప్పుకుంటే తండ్రి గుర్తొస్తాడు.

ఆ తండ్రి జీవితమంతా మగ్గాల మిల్లులో పనిచేసి, ఆ రొదలో చెవులు పోగొట్టుకున్న మనిషి. చివరి రోజుల్లో ఇంటికి చుట్టాలొస్తే ఆయనా వచ్చి పదిమందిలో కూర్చునేవాడు. ఒక్క ముక్క వినపడేది కాదు. అందరూ నవ్వినప్పుడు తానూ నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యాన్ని చూసి పిల్లలు మళ్ళీ నవ్వేవారు. అది తన కోసమే అనుకుని ఆయన ఇంకా గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వు మేస్త్రీకి ఇప్పటికీ కళ్ళ ముందే ఉండేది. చెవుల్లో ఏదో అడ్డుపడుతోందని అనిపించినప్పుడల్లా ఒక కరెంటు తీగ ముక్కను మడిచి, దాని ప్లాస్టిక్ తొడుగుతో చెవిలో తిప్పుకునేవాడు. కాసేపు హాయిగా ఉండేది. మర్నాటికి ఇంకాస్త మూసుకుపోయేది.

ఆ రోజుల్లోనే నర్సమ్మ కారు షెడ్డుకొచ్చింది.

నర్సమ్మంటే ఆస్పత్రిలో కూర్చునే నర్సు కాదు. మంచం దిగలేనివాళ్ళకు, ఆపరేషనై ఇంటికెళ్ళినవాళ్ళకు ఇంటింటికీ తిరిగి కట్లు మార్చి, సూదులేసి వచ్చే మనిషి. ఒక్కోసారి రోగులను తన కార్లోనే ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది. ఆ కారు పాతది. దాన్ని బాగుచేయించుకుంటూ, బుజ్జగించుకుంటూ నడుపుతోంది. ఇప్పుడు దానికి కొత్త రోగం పట్టుకుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. తాళం తిప్పితే ఇంజను తిరుగుతుంది గాని అందుకోదు. కాసేపు ఊరుకుంటే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తుంది.

ట్యాంకులో ఉండే పెట్రోలు పంపుకి కరెంటు అందడం లేదని మేస్త్రీ వెంటనే పోల్చుకున్నాడు. దానికి కరెంటు పంపేది రిలే. అగ్గిపెట్టెకన్నా చిన్న నల్లటి డబ్బా. తాళం తిప్పగానే అందులో ఒక తీగచుట్టకు కరెంటు తగిలి అది అయస్కాంతమవుతుంది. అది ఒక చిన్న ఇనుప నాలుకను లాగుతుంది. నాలుక వెళ్ళి పాయింటుకి తగిలితే పంపుకి కరెంటు పోతుంది. ఆ తగలడంలోనే టక్కుమని చప్పుడొస్తుంది. ఇన్నేళ్ళుగా మేస్త్రీ చేసే పరీక్ష అదొక్కటే. రిలే ఊడదీసి, బ్యాటరీ నుంచి రెండు తీగలు తెచ్చి చుట్ట పిన్నులకు తగిలిస్తాడు. టక్కుమంటే మంచిది, అనకపోతే చచ్చింది.

ఆ రోజూ అలాగే తగిలించాడు. చప్పుడు లేదు. మళ్ళీ తగిలించాడు. లేదు.

"ఇది పోయిందమ్మా. కొత్తది వేస్తే సరిపోతుంది," అన్నాడు.

వేసేముందు అలవాటు కొద్దీ కొత్తదాన్నీ పరీక్షించాడు. అదీ మాట్లాడలేదు. పెట్టెలోంచి ఇంకోటి తీశాడు. అదీ అంతే. ఆయనకు ఒళ్ళు మండింది. ఈ సరుకంతా బావమరిది కొట్లోంచి వచ్చింది. నర్సమ్మను కూర్చోమని చెప్పి, అన్ని రిలేలూ జేబులో వేసుకుని, పక్క వీధిలో ఉన్న ఆ విడిభాగాల కొట్టుకి విసవిసా నడిచాడు.

కొట్లో నలుగురు బేరగాళ్ళున్నారు. వాళ్ళ ముందే, చచ్చిన సరుకు అంటగడుతున్నావని, సొంత బావనే ముంచుతుంటే పరాయివాళ్ళ గతి ఏమిటని కడిగేశాడు. బావమరిది నెమ్మదస్తుడు. ఎదురు చెప్పకుండా, బల్ల మీదున్న బ్యాటరీకి ఆ రిలేలను ఒక్కొక్కటే తగిలించాడు.

"అంది కదా బావా," అన్నాడు.

మేస్త్రీకేమీ వినపడలేదు. బేరగాళ్ళ మొహాలు చూశాడు. వాళ్ళందరికీ వినపడిందని వాళ్ళ తలల ఊపులోనే తెలిసింది. బావమరిది ఇంకోటి తగిలించాడు. మళ్ళీ తలలూగాయి. పాత రిలే తగిలిస్తే దానికీ ఊగాయి.

మేస్త్రీ నవ్వాడు. "ఆ... ఇప్పుడంది," అన్నాడు.

ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చిందని ఆయనకే తెలిసింది.  రిలేలు ఏరుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికొచ్చాడు. తిరిగి నడుస్తుంటే కాళ్ళ కింద రోడ్డు మెత్తగా ఉన్నట్టు, తాను దాని మీద లేనట్టు అనిపించింది.

షెడ్డుకొచ్చాక నర్సమ్మకు అసలు మాట చెప్పలేకపోయాడు. పాత రిలే కూడా టక్కుమందని నలుగురు విన్నారు కాబట్టి దానిలో లోపం లేదనుకున్నాడు. దాన్నే మళ్ళీ బిగించి, పిన్నులు గీకి శుభ్రం చేసి, ఎక్కడో వదులు కనెక్షను ఉండుంటుంది, ఇక ఆగదని చెప్పి పంపేశాడు. జేబులోని కొత్త రిలే ఒకటి తన సంచిలో పడేశాడు. జీవితంలో మొదటిసారి తన పని మీద తనకే నమ్మకం లేకుండా ఒక బండిని రోడ్డు మీదికి వదిలాడు. ఆ రోజు అన్నం సయించలేదు. భార్య ఏమైందని అరిచి అడిగితే, తలనొప్పి అన్నాడు.

మర్నాడు ఎండ తగ్గుతుండగా ఫోను వణికింది. చెవికి అదిమిపట్టుకుంటే ముక్కలు ముక్కలుగా వినపడింది. కారు ఊరి బయట, వంతెన దిగాక ఆగిపోయింది. కార్లో రోగి కూడా ఉన్నాడు. నర్సమ్మ గొంతులో కోపం లేదు. అదే ఆయనకు మరీ కష్టంగా అనిపించింది. సంచి తగిలించుకుని మోపెడ్ మీద బయల్దేరాడు.

కారు రోడ్డుకి అవతలి పక్కన ఆగి ఉంది. బానెట్ ఎత్తి పెట్టి, నర్సమ్మ ముందు నిలబడి ఉంది. మేస్త్రీ మోపెడ్ ఇటుపక్క ఆపి, ఆ కారు వైపే చూస్తూ రోడ్డు దాటబోయాడు. నర్సమ్మ చెయ్యి ఊపింది. రమ్మంటోందనుకుని ఇంకా వడిగా అడుగేశాడు. ఆమె రెండు చేతులూ ఊపింది. అప్పుడు ఆయన వీపు వెనకనుంచి వేడిగాలి ఒక్కసారిగా కొట్టింది. లారీ ఒకటి ఆయన చొక్కాను రాసుకుంటూ పోయినంత పని చేసి, రోడ్డు అంచు దాకా వెళ్ళి, మళ్ళీ రోడ్డెక్కి సాగిపోయింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. అదీ వినపడలేదు.

మేస్త్రీ రోడ్డు దాటి కారుని పట్టుకుని నిలబడ్డాడు. 

నర్సమ్మ ఆయన ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేట్టు నిలబడి, నెమ్మదిగా అడిగింది.

"ఎప్పట్నుంచి మేస్త్రీ గారూ?"

"ఏది?"

"ఆ లారీ వంతెన మీదనుంచి హారన్ కొడుతూనే ఉంది. మీరు తల కూడా తిప్పలేదు."

ఆయన సంచిలోకి చూశాడు. స్క్రూడ్రైవరు తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చలికాలం నుంచని చెప్పాడు. తండ్రి గురించి చెప్పాడు. నిన్న బావమరిది కొట్లో అబద్ధమాడానని, టక్కు వినపడకుండానే వినపడిందన్నానని, ఆ రిలే మంచిదో చెడ్డదో తనకు తెలియకుండానే బండి పంపించానని చెప్పాడు. 

"నా పనంతా చెవులతోనేనమ్మా. ఇవి పోయాక నేనింకేం మేస్త్రీని."

 నర్సమ్మ ఆయన మణికట్టు పట్టుకుని, వేళ్ళు ఆనించింది. లారీ దడ ఇంకా తగ్గలేదు, నాడి గబగబా కొట్టుకుంటోంది.

"దీన్ని నేను చెవితో వింటున్నానా?" అంది. "వేలితోనే కదా చూస్తున్నాను."

వెనక సీట్లో కూర్చున్న రోగి అప్పుడు మాట కలిపాడు. కంటి ఆపరేషనై, రెండు కళ్ళకూ కట్టుతో ఉన్న పెద్దాయన. సంగతంతా విన్నట్టున్నాడు. "నాకు కళ్ళు కట్టారు, ఆయనకు చెవులు మూసుకుపోయాయి. మా ఇద్దర్నీ నెత్తినేసుకున్న ఈవిడ గ్రహచారం ఎలా ఉందో," అన్నాడు. నర్సమ్మ పక్కున నవ్వి, ఆ మాటను మేస్త్రీకి అందేలా తిరిగి చెప్పింది. ఆయనకూ నవ్వొచ్చింది. ఈసారి ఆలస్యం గురించి ఆలోచించలేదు.

మేస్త్రీ పనిలోకి దిగాడు.

నర్సమ్మను తాళం తిప్పమని, తాను ఫ్యూజు పెట్టెలో ఉన్న రిలే మీద చూపుడు వేలు ఆనించాడు. తాళం తిరగ్గానే వేలి కొసకి చిన్న దెబ్బ తగిలింది. చీమ తన్నినంత. మళ్ళీ తిప్పమన్నాడు. మళ్ళీ తగిలింది. అయితే నాలుక కదులుతోంది, చుట్ట మంచిదే, తాళం దగ్గరనుంచి వచ్చే కరెంటు కూడా మంచిదే. కాని కారు అందుకోవడం లేదు.

రిలే ఊడదీశాడు. అది కూర్చునే గూట్లో, పంపుకి కరెంటు పోయే రెండు కన్నాలనూ తీగ ముక్కతో కలిపాడు. రిలే చేయాల్సిన పనిని తీగతో చేయించాడన్నమాట. పంపు తిరుగుతోందో లేదో వినడానికి ఆయనకు చెవుల్లేవు. వెనక్కెళ్ళి చెయ్యి పెట్టి చూడాలనుకుంటుండగా, వెనకనుంచి పెద్దాయనే కేకేశాడు.

"నా కింద ఏదో జుమ్మంటోంది!"

పెట్రోలు ట్యాంకు ఉండేది ఆ సీటు కిందనే. పంపు తిరుగుతోంది. తీగలన్నీ బాగున్నాయి. ఇక మిగిలింది రిలే ఒక్కటే. కాని అది టక్కుమంటోంది కదా!

మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ ఆలోచన రావడానికి ఎక్కువసేపు పట్టలేదు గాని, ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదో ఆయనకు అర్థం కాలేదు. టక్కుమంటే నాలుక కదిలిందని మాత్రమే అర్థం. కదిలి వెళ్ళి తగిలినచోట పాయింటు మాడిపోయి ఉంటే? తలుపు తట్టినంత మాత్రాన తెరిచినట్టా?

సంచిలోంచి రెండు తీగలతో ఉన్న చిన్న బల్బు తీశాడు. రిలే చుట్టకు బ్యాటరీ తగిలించి, పాయింట్ల పిన్నులనుంచి వచ్చే కరెంటు ఆ బల్బుగుండా పోయేట్టు కలిపాడు. వేలికి దెబ్బ తెలిసింది. బల్బు మాత్రం మూలిగినట్టు ఎర్రగా వెలిగి, రెపరెపలాడి, ఆరిపోయింది. డబ్బా మీద వేలితో కొడితే కాసేపు వెలిగింది. మళ్ళీ ఆరిపోయింది. ఉన్నట్టుండి ఆగి, ఉన్నట్టుండి నడిచే కారు రోగమంతా ఆ బల్బులో కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

సంచిలో మిగిలిపోయిన కొత్త రిలేను తగిలించాడు. బల్బు తెల్లగా, కదలకుండా వెలిగింది. తీసి తగిలించాడు, తీసి తగిలించాడు. ప్రతిసారీ వెలిగింది.

"దొరికింది," అన్నాడు. ఆ మాట ఎంత గట్టిగా అన్నాడో ఆయనకు తెలియలేదు గాని, వెనక సీటు పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

నిన్న పాముచెవులు ఉండి ఉన్నా, ఆ రిలే టక్కుమందని విని, మంచిదని చెప్పి పంపేవాణ్ణే కదా అనుకున్నాడు మేస్త్రీ. ఆ మాట అనుకోగానే గుండెల మీదనుంచి పెద్ద బండ దించినట్టయింది. కొత్త రిలే బిగించాడు. కారు మొదటి తిప్పులోనే అందుకుంది. బానెట్ మీద చెయ్యి ఆనించి ఇంజను వణుకు చూశాడు. నిలకడగా ఉంది.

పెద్దాయన్ని ఇంటి దగ్గర దించాక నర్సమ్మ మేస్త్రీని వదల్లేదు. కారు వెనకే మోపెడ్ మీద వచ్చిన మేస్త్రీని అదే వీధిలో ఒక అరుగు మీద కూర్చోబెట్టి, తన సంచిలోంచి సన్నని మూతి ఉన్న టార్చి తీసి, చెవిలోకి చూసింది. ఒక చెవి, తర్వాత రెండోది.  ఆమె చూస్తున్నంతసేపూ మేస్త్రీ తన తండ్రిని, ఆ గదిని, ఆ నవ్వుని మళ్ళీ చూశాడు.

ఆమె ముందుకొచ్చింది. పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది.

"ఇందులో ఏం పెట్టి తిప్పారు మీరు?"

తీగ ముక్క సంగతి చెప్పక తప్పలేదు.

"గుబిలి మేస్త్రీ గారూ. రెండు చెవుల్లోనూ రాయిలా గట్టిపడిపోయింది. మీరే లోపలికి తోసి తోసి దిమ్మిస కొట్టారు," అంది. ఇంకేమైనా ఉందో లేదో అది తీశాకే తెలుస్తుందని, రేపే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళమని, అంతవరకు తీగలు కార్లలోనే పెట్టమని చెప్పింది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు, లారీ సంగతితో సహా. ఆమె అరవలేదు. చాలాసేపు ఆయన చొక్కా వీపు వైపు చూసింది, ఎక్కడైనా చిరిగిందేమోనని. తర్వాత, ఇన్నాళ్ళూ అరిచి అరిచి గొంతు పోయింది, నా గొంతుకెవరిస్తారు మందు అంది.

మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గరికెళ్ళారు. డాక్టరు చెవుల్లో చుక్కలు వేసి నానబెట్టి, గోరువెచ్చని నీళ్ళు చిమ్మాడు. కుడిచెవి తెరుచుకున్నప్పుడు లోకం ఒక్కసారి మీదపడినట్టయింది. పైన ఫ్యాను కిర్రుమంటోంది. పక్కగదిలో ఎవరో కాగితం చింపుతున్నారు. తన చొక్కా చేతి గుడ్డ చర్మానికి రాసుకునే చప్పుడు కూడా వినిపించింది. మేస్త్రీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డాక్టరు నొప్పా అని అడిగితే, కాదని తలూపాడు.

ఎడమచెవి కొంతే తెరుచుకుంది. ఇన్నేళ్ళు హారన్ల పక్కన, ఇంజన్ల మీద వంగి చేసిన పని దాని వినికిడిలో కొంత తినేసిందని, అది తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోమని డాక్టరు చెప్పాడు. మీ నాన్నగారిలా అయిపోరు, భయం లేదని కూడా అన్నాడు. తండ్రి సంగతి డాక్టరుకు ఎలా తెలిసిందా అని మేస్త్రీ భార్య వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు బావమరిది కొట్టు దగ్గర ఆగారు. ఈసారీ బేరగాళ్ళున్నారు. మేస్త్రీ వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాడు గాని, తిట్టింది పదిమందిలో కాబట్టి చెప్పేదీ పదిమందిలోనే చెప్పాలనుకున్నాడు. ఆ రోజు తనకు వినపడలేదని, నీ సరుకు మంచిదేనని, అనకూడని మాటలన్నానని చెప్పాడు.

బావమరిది బల్ల తుడుస్తూ, "తెలుసు బావా. నువ్వు జేబులో వేసుకున్న రిలేల్లో పాతది ఏదో కూడా చూసుకోకుండా వెళ్ళావు. నీ పని తీరు అది కాదు," అన్నాడు. కుర్చీ లాగి వేశాడు.

పాత రిలే లోపల పాయింట్లు ఎలా మాడిపోయాయో మేస్త్రీ విప్పి చూపించాడు. టక్కుమన్న ప్రతిదీ మంచిది కాదని, బల్బు పెట్టి చూడకుండా ఇక నుంచి ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాడు. బేరగాళ్ళలో ఒకడు, ఇన్నాళ్ళూ మనందరికీ టక్కు వినడం నేర్పింది నువ్వే కదా అన్నాడు. నిజమేనని ఒప్పుకున్నాడు మేస్త్రీ.

కొట్లోంచి బయటపడి ఇంటి దారి పట్టారు. భార్య ఆయన ఎడమపక్కన నడుస్తూ ఏదో చెబుతోంది. ఆయన ఆగి, "ఇటు రా," అని కుడిపక్క చూపించాడు. ఆమె ఎందుకని అడగలేదు. ఆయన వెనకనుంచి తిరిగి కుడివైపుకొచ్చి, మొదటినుంచీ మళ్ళీ ఎత్తుకుంది. కూతురు కొత్తింటికి మారిందట, ఆ ఇంట్లో కుళాయి ఆగకుండా కారుతోందట, చెప్పినా ఇంటి ఓనరు పట్టించుకోడట. ఇవన్నీ ఆమె అరవకుండా, మామూలు గొంతుతోనే చెబుతోంది. మేస్త్రీ మధ్యలో ఎక్కడా అడ్డు తగలకుండా, ఆ కుళాయి ఏ రకందో మాత్రం ఒకసారి అడిగి, ఇల్లు వచ్చేదాకా వింటూ నడిచాడు.